హెలికాప్టర్ రంపం మీద ఒక వాదులాట

హెలికాప్టర్‌కి రంపాలు కట్టి చెట్లు కొడతారంటే సినిమా వాళ్ల పైత్యం అనుకునేవాళ్లే ఎక్కువ. 1999 నాటి జేమ్స్ బాండ్ చిత్రం ‘ద వరల్డ్ ఈజ్ నాట్ ఎనఫ్’లో గుండ్రటి రంపాలు వేలాడేసుకుని వచ్చిన హెలికాప్టర్ ఒకటి బాండ్ గారి బీఎండబ్ల్యూ కారుని నిలువునా చీల్చేస్తుంది. అయితే అది ఊహల్లోంచి ఊడిపడిన యంత్రం కాదు. కరెంటు లైన్ల పక్కన అడవి అంచుని సవరించడానికి అలాంటి రంపం అమెరికాలో అప్పటికే పనిలో ఉంది. ఇప్పటికీ ఉంది.

పనిముట్టు సాదాగానే ఉంటుంది. తేలికపాటి హెలికాప్టర్, చాలాచోట్ల ఎండీ 500 రకం. దాని పొట్ట కింద నిలువుగా వేలాడే అల్యూమినియం బూమ్. బూమ్ చివర ఒకదాని కింద ఒకటి గుండ్రటి బ్లేడ్లు, సాధారణంగా పది. ఒక్కోటి 24 అంగుళాల వ్యాసం. వాటిని తిప్పడానికి విడిగా ఒక ఇంజన్. రంపం, బూమ్ కలిపి కొలిస్తే 90 నుంచి 110 అడుగులు. పైలట్ ఎదటికి కాదు, కిందికి చూస్తూ నడుపుతాడు. రంపం కొమ్మల్లో చిక్కుకుని హెలికాప్టర్‌నే లాగేసే పరిస్థితి వస్తే మొత్తం సరంజామాని వదిలించుకునే ఏర్పాటు అతని చేతిలో ఉంటుంది. పెరట్లో మామిడికాయలు కోసే దోటిని ఆకాశంలోంచి పట్టుకున్నట్టు ఉంటుంది వ్యవహారం.

షార్లెట్ నుంచి న్యూ రివర్ గార్జ్ చూడ్డానికి కారులో బయల్దేరిన ఒక తెలుగు కుటుంబానికి వెస్ట్ వర్జీనియా కొండదారిలో ఇది ఎదురైంది. పసుపు జాకెట్ వేసుకున్న మనిషి ‘స్టాప్’ పలక పట్టుకుని కార్లన్నిటినీ ఆపేశాడు. స్టీరింగ్ దగ్గర మేనకోడలు. నార్త్ కరోలినాలో ఒక మునిసిపాలిటీకి చెట్ల బాగోగులు చూసే అర్బరిస్టు. పక్క సీట్లో మామయ్య. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ శాఖలో ఏడీఈగా, అంటే అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరుగా రిటైరయ్యారు, సర్వీసులో సగం సీలేరు లైన్లు, విశాఖ ఏజెన్సీలోనే గడిచింది. వెనక సీట్లో అత్తయ్య, ఒళ్లో పులిహోర డబ్బా.

“అదీ పనంటే!” అన్నారు మామయ్య అద్దం దించుతూ. “నా సర్వీసులో ఇలాంటిది ఒక్కటుంటే ఎంతమంది కుర్రాళ్లు కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకోకుండా ఉండేవాళ్లో.”

“అది కొమ్మ కొట్టడం కాదు మామయ్యా. చెట్టుని ఒకపక్కంతా గొరిగేయడం.”

“నువ్వు బకెట్ లారీ ఎక్కి కొమ్మ కోస్తావు. మా వాడు మాను ఎక్కి కోసేవాడు. ఆ తేడా నీకు తెలీదు.” ఆయన గొంతు పెరిగింది. ట్రీ కటింగ్ అంటే ముందు ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోవాలి. లైను ఆపారని రూఢి చేసుకోవాలి, పనిచేసే చోటికి రెండు వైపులా ఎర్త్ వెయ్యాలి. అప్పుడు మనిషి కత్తి నడుముకి కట్టుకుని ఎక్కుతాడు. కింద నేల వాలు, పైన కందిరీగలు, వాన పడిందంటే మానంతా జారుడు. కొమ్మ తెగాక ఎటు వాలుతుందో కొట్టేవాడికీ నమ్మకం ఉండదు. “ఈ కొండ చూడు. దీని మీదికి నీ బకెట్ లారీ వస్తుందా? నాలుగు చక్రాల బండి ఏదైనా వస్తుందా?”

రాదు. కంపెనీలు చెప్పుకునే లెక్క ప్రకారం కింద పనిచేసే బృందానికి వారం పట్టే మేర ఈ రంపం ఒక్కరోజులో సవరిస్తుంది. కాంట్రాక్టు సంపాదించుకునేవాళ్ల మాట కాబట్టి కాస్త తగ్గించే వినాలి. కానీ అప్పలాచియన్ కొండల వాలు చూసినవాళ్లకి అది పూర్తిగా గొప్పలు అనిపించదు. చెట్లు నరికే పని అమెరికాలో అత్యధికంగా ప్రాణాలు తీసే వృత్తుల్లో ఏటా ముందువరసలోనే ఉంటుంది. మనిషిని మాను మీంచి దించడం చిన్న లాభం కాదు.

మేనకోడలు ఆ సంగతి కాదనలేదు. ఆమె పైకి చూపించింది. “ఆ పైలట్ సంగతి? ఇంజన్ ఆగిపోయిన హెలికాప్టర్‌ని భద్రంగా దించాలంటే పైలట్ చేతిలో ఎత్తయినా ఉండాలి, ముందుకెళ్లే వేగమైనా ఉండాలి. అప్పుడే రెక్కల్ని గాలి తిప్పుతూ ఉంటుంది. ఇక్కడ రెండూ లేవు. చెట్ల నెత్తి మీద దాదాపు నిలబడి ఉన్నాడు, పక్కన హైటెన్షన్ తీగలు, కింద వంద అడుగుల ఇనుము.”

“ఇనుము కాదు, అల్యూమినియం.”

“పడితే తేడా ఏముంది మామయ్యా?”

ఈ పనిలో పైలట్లు చనిపోయారు. అమెరికా రవాణా భద్రతా బోర్డు దర్యాప్తు చేసిన ప్రమాదాల్లో రంపం మోస్తూ కూలిన హెలికాప్టర్లూ ఉన్నాయి. మామయ్య తన లెక్క తాను చెప్పారు: పదిమంది నెల్లాళ్లు మోసే ప్రమాదాన్ని ఒక్కడు కొన్ని గంటలు మోస్తున్నాడు. ప్రమాదం తగ్గలేదు, చేతులు మారింది అంది ఆమె. ఈ లెక్క ఇద్దరూ తేల్చలేకపోయారు. అసలు తేలేదీ కాదు.

పలక తిరిగింది, కార్లు కదిలాయి. రెండు మలుపులు దాటాక రోడ్డు పక్కన బండి ఆపుకునే చోటుంది. అక్కడి అంచు అంతకు కొన్నేళ్ల ముందే రంపం తిన్నట్టుంది. మేనకోడలు బండి ఆపి ఆయన్ని దింపి ఒక ట్యులిప్ పాప్లర్ దగ్గరికి తీసుకెళ్లింది. లైను వైపు కొమ్మలన్నీ ఒకే గీతకి తెగి ఉన్నాయి. కానీ మాను దగ్గర తెగలేదు. జానెడు, మూరెడు, ఒక్కోచోట బారెడు మోడు మిగిలింది. మోడు చివర బెరడు ఊడి, చెక్క బూడిదరంగుకి తిరిగి, నెర్రెలిచ్చింది. దాని మొదట్లోంచి సన్నటి చువ్వలు గుంపుగా లేచి, పోయిన కొమ్మకంటే తొందరగా తీగ వైపుకే పోతున్నాయి.

“ఇక్కడ చూడండి,” అని ఆమె కొమ్మ మానుని కలిసే చోట ఉబ్బెత్తుగా ఉన్న మెడని వేలితో తడిమింది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేల చెట్లని నిలువునా కోసి చూసి చెప్పిన సంగతి అది. చెట్టుకి మన ఒంటి మీద పుండు మానినట్టు మానదు. దెబ్బ తగిలిన చెక్కని లోపల్లోపలే గిరిగీసి మూసేస్తుంది, కొత్త చెక్కని దాని చుట్టూ పెంచుకుంటుంది. ఆ గిరి గీసే శక్తి ఈ మెడలో ఉంటుంది. మెడకి సరిగ్గా బయట కోస్తే చెట్టు గాయాన్ని మూసుకోగలదు. దూరంగా మోడు వదిలేస్తే మూసుకోలేదు, కుళ్లు ఆ మోడు దారినే లోపలికి నడుస్తుంది. మెడనే చెక్కేసినా అంతే. “గాల్లో వేలాడే రంపానికి మెడ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? దానికి తెలిసింది ఒక్క నిలువు గీత.”

మామయ్య మోడుని గోటితో గీకి చూశారు. పొడి రాలింది. “నిజమే,” అన్నారు. “కానీ ఇది నీ ఊళ్లో స్కూలు ముందున్న చెట్టు కాదమ్మా. వెనకాల చూడు, కనుచూపు మేరంతా అడవే. అంచున నాలుగు చెట్లకి ఒకపక్క కుళ్లినంత మాత్రాన అడవికి వచ్చే నష్టం లేదు. తీగకి కొమ్మ తగిలితే వచ్చే నష్టం ఏమిటో చెప్పనా?”

ఆయన చెప్పింది 2003 ఆగస్టు 14 కథ. కరెంటు శాఖలో పనిచేసినవాళ్లకి అది కొట్టినపిండి. ఒహాయోలో ఆ మధ్యాహ్నం 2:14కి ఫస్ట్‌ఎనర్జీ కంపెనీ కంట్రోల్ రూమ్‌లో అలారం వ్యవస్థ పనిచేయడం మానేసింది. మానేసిందని కూడా అక్కడ ఎవరికీ తెలీలేదు. 3:05కి చేంబర్లిన్-హార్డింగ్ 345 కేవీ లైను చెట్టుకి తగిలి ట్రిప్పయింది. ఆ లోడు పక్క లైన్ల మీద పడింది. కరెంటు పెరిగితే కండక్టర్ వేడెక్కుతుంది, వేడెక్కితే సాగుతుంది, సాగితే రెండు టవర్ల మధ్య కిందికి జారుతుంది. 3:32కి హానా-జునిపర్ లైను అలాగే జారి చెట్టుకి తగిలింది. దగ్గర్లో చెట్లు కొడుతున్న బృందం ఒకటి ఆ మెరుపుని కళ్లారా చూసింది కూడా. 3:41కి స్టార్-సౌత్ కాంటన్ లైను. నాలుగు దాటాక ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. క్లీవ్‌లాండ్, డెట్రాయిట్, టొరంటో, న్యూయార్క్. ఎనిమిది అమెరికా రాష్ట్రాలు, కెనడాలో ఒంటారియో, 5 కోట్ల మంది, 61,800 మెగావాట్లు. అదే ఏడాది సెప్టెంబర్ 28 తెల్లవారుజామున స్విట్జర్లాండ్‌లో ఒక 380 కేవీ లైను చెట్టుకి తగలడంతో మొదలైన గొడవ దాదాపు ఇటలీ మొత్తాన్ని చీకట్లో ముంచింది.

“నాలుగు కొమ్మలు,” అన్నారు మామయ్య. “నీ షైగో గారు న్యూయార్క్ సబ్‌వేలో ఇరుక్కున్నవాళ్లకి ఏం చెబుతాడు?”

వాదనలో ఇది ఆయన పెద్ద అస్త్రం. తిరిగి ఆయనకే తగిలింది.

“ఆ చెట్లు ఎక్కడున్నాయి మామయ్యా? లైను పక్కనా, లైను కిందా?”

ఆయన వెంటనే జవాబివ్వలేదు. దర్యాప్తు చేసిన అమెరికా-కెనడా బృందం నివేదిక ఆయన చదివిందే. ఆ చెట్లు లైను దారిలోనే, కండక్టర్ల కింద ఏళ్లతరబడి పెరిగినవి. మొదట పడిపోయిన చేంబర్లిన్-హార్డింగ్ మీద అప్పుడు ఉన్న లోడు దాని సామర్థ్యంలో 44 శాతమే. అంటే తీగ పెద్దగా జారకుండానే చెట్టు అందింది. కొట్టాల్సిన చెట్టుని కొట్టకుండా వదిలేశారు, అంతే.

“పక్కనుండే కొమ్మల్ని నిలువునా కోసే రంపం తీగ కింద పెరిగే మొక్కని ఏం చేస్తుంది? తీగల మధ్యకి దిగుతుందా? ఆ రోజు ఒహాయోలో పది హెలికాప్టర్లు తిరిగినా ఆ మూడు లైన్లూ పడేవే.” ఆమె ఆగలేదు. 2021లో కాలిఫోర్నియాలో 9 లక్షల 60 వేల ఎకరాలు బూడిద చేసిన డిక్సీ కార్చిచ్చు ఒక డగ్లస్ ఫర్ చెట్టు పక్కనుంచి ఒరిగి చిన్న డిస్ట్రిబ్యూషన్ లైను మీద పడటంతో పుట్టింది. కొమ్మలు గొరిగితే మాను ఒరగడం ఆగదు. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుపాను వచ్చినప్పుడు నార్త్ కరోలినా కొండల్లో చెట్లు నానిన నేలలోంచి వేళ్లతో సహా పెళ్లగిలి లైన్ల మీద పడ్డాయి. “మీరు చెప్పే ప్రమాదాలన్నీ నిజమే. వాటిలో ఒక్కదానికీ ఈ రంపం మందు కాదు.”

ఇక్కడ మాట మేనకోడలిదే నెగ్గిందనాలి. అయితే మరీ అంత పూర్తిగా కాదు. పక్క కొమ్మ గాలికి ఊగి తీగని అందుకోవడం, మంచు బరువుకి వంగి మీద పడటం ఈ కొండల్లో మామూలు. వాటిని వదిలేస్తే ఫీడర్ ట్రిప్పవుతూనే ఉంటుంది. రంపం పుట్టింది ఆ పనికే.

“ఇంతకీ ఆ కొమ్మలన్నీ ఏం చేస్తారు?” కారులోంచి అత్తయ్య అడిగారు.

రోడ్డు మీద, వాగులో, ఎవరి పెరట్లోనైనా పడితే కింద బృందం వెంటనే తీసేస్తుంది. అడవిలో పడినవి చాలావరకు పడిన చోటే ఉంటాయి. ఈ జవాబు ఆమెకి బొత్తిగా నచ్చలేదు. “మన ఏజెన్సీలో అయితే పుల్ల మిగిలేదా? ఈపాటికి మోపులు కట్టుకుపోయేవాళ్లు. పోనీ ఈ తీగలన్నీ భూమిలోనే వేసేయొచ్చుగా, వైజాగ్‌లో వేసినట్టు?”

ఆ ప్రశ్న అనుకున్నంత అమాయకమైంది కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖని ఊడ్చేశాక ఊళ్లో భూగర్భ కేబుళ్లు వేశారు. 2005 జనవరిలో గుడ్రున్ తుపానుకి దాదాపు ఏడున్నర కోట్ల ఘనమీటర్ల చెట్లు పడిపోయాక స్వీడన్ కూడా పల్లె లైన్లని భూమిలోకి దింపింది. కాలిఫోర్నియాలో పీజీ అండ్ ఈ అనే కరెంటు కంపెనీ 10,000 మైళ్లు పాతిపెడతానని 2021లో ప్రకటించింది. మైలుకి ఖర్చు 30 లక్షల డాలర్ల దరిదాపుల్లో తేలింది. అదీ చిన్న లైన్లకి. కొండలు దాటే 345 కేవీ లైనుని రాతిలో తవ్వి పాతడం మాటని మామయ్య చేయి ఊపి తోసేశారు. మేనకోడలూ ఎదురు చెప్పలేదు.

“మరి నన్నేం చెయ్యమంటావు?” అన్నారాయన. “ఇక్కడ చట్టం వచ్చింది. 2005 ఇంధన చట్టం తర్వాత 200 కేవీ, ఆ పైన ఉన్న లైన్లకి చెట్లని దూరంగా ఉంచడం తప్పనిసరి. ఎఫ్ఏసీ-003 అని దానికో ప్రమాణం. తప్పితే ఉల్లంఘనకి రోజుకి 10 లక్షల డాలర్ల దాకా జరిమానా అని అప్పట్లోనే పెట్టారు. ఆ కత్తి నెత్తి మీద వేలాడుతుంటే ఏ ఇంజనీరైనా తొందరగా అయ్యే దారే చూస్తాడు. 2003లో అప్రతిష్ట పాలైన ఫస్ట్‌ఎనర్జీ కూడా ఇప్పుడు హెలికాప్టర్ రంపాన్ని వాడుతోందిగా.”

“తొందరగా అయ్యే దారే. మళ్లీ నాలుగేళ్లకి అదే దారి. మీరే చూశారుగా ఆ చువ్వలు.” ఆమె ఇంకో కథ ఎత్తుకుంది.

పెన్సిల్వేనియాలో స్టేట్ గేమ్ ల్యాండ్స్ 33 అనే వేట అడవి ఉంది. 1950ల మొదట్లో దాని గుండా 230 కేవీ లైను వెళ్లింది. లైను కింద మందు కొట్టి చెట్లు చంపితే జింకలూ పిట్టలూ పోతాయని వేటగాళ్లు గోల పెట్టారు. ఆ గోలకి జవాబుగా 1953లో విలియం బ్రాంబుల్, విలియం బర్న్స్ అనే అటవీ శాస్త్రవేత్తలు ఆ దారిని ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కలో ఒక్కో పద్ధతి పెట్టారు. ఒకచోట ఉత్త నరుకుడు. మరోచోట ఒక్కో చెట్టుని ఎంచి మందు. ఇంకోచోట మొత్తం మీద చల్లడం. దశాబ్దాల పాటు చూశారు. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఆ అధ్యయనాన్ని ఈ కాలం దాకా తెచ్చింది. తేలింది ఏమిటంటే, ఉత్తగా నరికిన చోట మొదళ్లన్నీ మళ్లీ చిగిర్చి చెట్లు ఇంకా దట్టమయ్యాయి. ఎత్తు పెరిగే జాతుల్ని మాత్రం ఎంచి తీసేసిన చోట గడ్డీ, పొదలూ, బ్లూబెర్రీలూ కమ్ముకుని కొత్త చెట్టు విత్తనాన్ని మొలవనీయకుండా చేశాయి. తీగ కింద గడ్డి, పొదలు. దారి అంచుల్లో కాస్త ఎత్తు పొదలు, పొట్టి చెట్లు. అక్కడ జింకలు తగ్గలేదు. పిట్టలు, సీతాకోకచిలుకలు, తేనెటీగలు బాగానే ఉన్నాయి.

“అంటే మందు కొట్టమంటావు!” మామయ్య పట్టేసుకున్నారు. “పచ్చదనం పిల్లవి, నీ నోట గడ్డిమందు మాటా?”

ఆమె ముఖం కాస్త ఎర్రబడింది. ఇది ఆ పద్ధతికి ఉన్న నిజమైన ఇబ్బందే, పర్యావరణం పేరు చెప్పుకునేవాళ్లు గబుక్కున దాటేసే ఇబ్బంది. వీపు మీద డబ్బా మోసుకుని మనిషి ఒక్కో మొక్క మొదలుకి మందు పెట్టాలి. తర్వాతర్వాత అవసరం తగ్గుతుంది కానీ సున్నా కాదు. అన్నిటికీ మించి, అది మళ్లీ ఆ నిట్రవాలు మీదికి మనుషుల్ని పంపడమే.

“పంపాలి మామయ్యా. కానీ చెట్టు ఎక్కించక్కర్లేదు, రంపం పట్టించక్కర్లేదు. ఇంతకీ మీ సీలేరు లైను కింద ఏముండేది?”

ఈ ప్రశ్నకి ఆయన నవ్వేశారు. మన దగ్గర 220 కేవీ లైనుకి 35 మీటర్లు, 400 కేవీకి 46 మీటర్ల దారి. అడవిలో అయితే తీగ లాగడానికి ఒక్కో కండక్టర్ కింద సన్నటి పట్టీ కొట్టుకోవచ్చు. లాగాక అక్కడ మళ్లీ మొలిచేదాన్ని మొలవనివ్వాలి, తీగకి అడ్డొచ్చేవే అటవీ అధికారి అనుమతితో కొట్టాలి. “కాగితం మీద మన నిబంధన నీ పెన్సిల్వేనియా మాటకి దగ్గరగానే ఉంది,” అన్నారు. “చేసిందేమిటంటే, వానలకి ముందు అందినదల్లా నరకడం. పవర్‌గ్రిడ్ వాళ్లు హెలికాప్టర్‌లో తిరిగి లైన్లు చూస్తున్నారు, అంతవరకు బాగుంది. రంపం కట్టక్కర్లేదు. మన ఊళ్లలో 11 కేవీ లైను ఇంటి చూరుని రాసుకుంటూ పోతుంది. దాని కిందే వనమహోత్సవం అని గుల్‌మొహర్ నాటతాం, మూడేళ్లకి దాని తల నరుకుతాం. అక్కడికి హెలికాప్టర్ వస్తే ముందు పెంకులు లేచిపోతాయి.”

ఆ తర్వాత వాదన డబ్బు దగ్గరికి వచ్చింది. అక్కడే ఇద్దరూ కాస్త దగ్గరయ్యారు. నిట్రవాలు మీద పక్క కొమ్మలకి హెలికాప్టర్ రాకూడదని తాను అననని మేనకోడలు ఒప్పుకుంది. మోడు మిగిలినా సరే, అక్కడ మనిషి ప్రాణం ముందు. మామయ్య ఏడీఈ గొంతులో చెప్పారు: “టెండరు నేను రాస్తే రంపం గంటల పక్కనే తీగ కింద నేల పనికి ఇంకో పద్దు పెడతాను. అది అయ్యేదాకా రంపం బిల్లు పాస్ చెయ్యను.”

అలా రాయమని ఎఫ్ఏసీ-003 ఎవరినీ అడగదు. దాని కింద ఉన్న ప్రతి లైనునీ ఏడాదికి ఒక్కసారైనా తనిఖీ చెయ్యాలి, రెండు తనిఖీల మధ్య 18 నెలలు దాటకూడదు, వేసుకున్న వార్షిక ప్రణాళిక పూర్తి చెయ్యాలి, నిర్ణీత దూరంలోకి చెట్టుని రానివ్వకూడదు. ఆ దూరాన్ని హెలికాప్టర్ రంపంతో కాపాడుకుంటారో, గొడ్డలితోనో, బ్లూబెర్రీ పొదలతోనో నిర్ణయించుకునే అధికారం కంపెనీకే ఉంది.